కాలేజీ దూరపు పరుగు: ఏ కోచ్ పద్ధతి ఏ పిల్లలకు నప్పుతుంది

హైస్కూలు క్రాస్ కంట్రీ (పచ్చిక, మట్టిదారుల్లో దూరపు పరుగు) జట్లలో పరుగెత్తే తెలుగు పిల్లలు ఇప్పుడు అమెరికాలో డాలస్ శివార్లలోనూ, న్యూజెర్సీలోనూ, బే ఏరియాలోనూ కనిపిస్తున్నారు. పదో తరగతి ముగిసిన వేసవిలో, జూన్ 15 నుంచి, డివిజన్ 1 (కళాశాల క్రీడల్లో అన్నిటికన్నా పై స్థాయి) కళాశాలల కోచ్‌లు ఈ పిల్లలతో నేరుగా మాట్లాడటానికి నిబంధనలు అనుమతిస్తాయి. అప్పటినుంచి ఫోన్లు, మెయిళ్లు, క్యాంపస్ సందర్శనలు మొదలవుతాయి. మాట్లాడిన ప్రతి కోచ్‌కూ ఒక శిక్షణ సిద్ధాంతం ఉంటుంది, అది వినడానికి బాగానే ఉంటుంది కూడా. ఈ సిద్ధాంతాలు ఎక్కడినుంచి వచ్చాయో, ఒక్కొక్కటి ఎలాంటి రన్నర్‌కు మేలు చేస్తుందో, ఎవరిని దెబ్బతీస్తుందో పోల్చి చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. వారానికి ఎన్ని మైళ్లు, ఎన్ని ఇంటర్వెల్స్ (మధ్యలో విరామాలతో వేగంగా పరుగెత్తే విడతలు) అన్న తేడాలు పైకి కనిపించినంత పెద్దవి కావు. జట్టులో పన్నెండో స్థానంలో ఉన్న రన్నర్ కోసం కోచ్ తన ప్రణాళికను మారుస్తాడా, లేక ఆ రన్నరే ప్రణాళికకు తగ్గట్టు మారాలని ఎదురుచూస్తాడా అన్న తేడా మాత్రం చాలా పెద్దది.

పోలికకు ముందు కాలేజీలో ఏం మారుతుందో తెలుసుకోవాలి. హైస్కూల్లో క్రాస్ కంట్రీ పోటీ 5 కిలోమీటర్లు, ట్రాక్ మీద పెద్ద దూరం 3200 మీటర్లు. కాలేజీలో అబ్బాయిలు సీజనంతా ఎక్కువగా 8 కిలోమీటర్లు పరుగెత్తి, జాతీయ పోటీకి వచ్చేసరికి 10 కిలోమీటర్లు పరుగెడతారు. అమ్మాయిలకు జాతీయ పోటీ 6 కిలోమీటర్లు. ట్రాక్ మీద 5000, 10,000 మీటర్లు, స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరుగెత్తే పోటీ) వచ్చి చేరతాయి. శరదృతువులో క్రాస్ కంట్రీ, చలికాలంలో ఇండోర్ ట్రాక్, వసంతంలో ఔట్‌డోర్ ట్రాక్ ఒకదాని వెంట ఒకటి రావడం వల్ల ఏడాదిలో ఊపిరి తీసుకునే వ్యవధి తక్కువ. క్రాస్ కంట్రీ జాతీయ పోటీలో జట్టుకు ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కలిపి స్కోరు లెక్కిస్తారు, తక్కువ స్కోరు వచ్చిన జట్టు గెలుస్తుంది. కోచ్ ఉద్యోగం నిలబడేది ఆ ఐదుగురి మీదే. పాతికమందికి కఠినమైన శిక్షణ ఇచ్చి, తట్టుకున్న ఏడుగురితో పతకం గెలిచిన కోచ్ కూడా రికార్డుల్లో విజేతే. తట్టుకోలేని పద్దెనిమిది మంది ఏమయ్యారన్నది ఆ రికార్డుల్లో ఉండదు. అందువల్ల టైటిళ్ల సంఖ్యను మాత్రమే చూసి ఎంచుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా బలహీనమైన పద్ధతి.

పద్ధతుల్లో మొదట చెప్పుకోవలసింది ఎక్కువ మైలేజీ మార్గం. దీని మూలాలు న్యూజిలాండ్‌లో ఉన్నాయి. ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులచేత వారానికి సుమారు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పరుగెత్తించేవాడు. ఆక్లాండ్ దగ్గరి వైయటారువా కొండదారిలో 22 మైళ్ల చుట్టు వారి ఆదివారపు పని. 800 మీటర్ల రన్నర్ పీటర్ స్నెల్‌కు కూడా దాన్నుంచి మినహాయింపు లేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో స్వర్ణాలు, బ్యారీ మగీ మారథాన్‌లో కాంస్యం గెలవడంతో ప్రపంచం ఆ పద్ధతి వైపు తిరిగి చూసింది. ముందు నెలల తరబడి నిలకడైన పరుగుతో పునాది, తర్వాత కొండలెక్కే పరుగులు, ఆ తర్వాతే ట్రాక్ మీద వేగం, చివర పోటీకి ముందు విశ్రాంతి: క్రమం ఇది. దీని వెనుక శరీరధర్మం సరళమైనదే. నెమ్మదైన పరుగు ఏళ్ల తరబడి సాగితే కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు, మైటోకాండ్రియా పెరుగుతాయి, అదే వేగానికి ఖర్చయ్యే ప్రాణవాయువు తగ్గుతుంది.

అమెరికా కళాశాలల్లో ఈ వారసత్వాన్ని ప్రసిద్ధంగా నడిపినవాడు కొలరాడో విశ్వవిద్యాలయంలో మార్క్ వెట్‌మోర్. ఆయన కాలంలో కొలరాడో పురుషుల జట్టు 2001, 2004, 2006, 2013, 2014 సంవత్సరాల్లో, మహిళల జట్టు 2000, 2004, 2018 సంవత్సరాల్లో జాతీయ క్రాస్ కంట్రీ టైటిళ్లు గెలిచాయి. బౌల్డర్ పైన మాగ్నోలియా రోడ్డులో ఆదివారపు పొడవాటి పరుగు ఆ జట్టుకు ఒక ఆచారం. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరినవారిని కూడా మూడు నాలుగేళ్లలో తీర్చిదిద్దగలదన్న పేరు ఈ పద్ధతికి ఉంది, అది న్యాయమైన పేరే. ఎందుకంటే ఓర్పును పెంచడానికి పుట్టుకతో వచ్చిన వేగం కంటే గడిచిన సంవత్సరాలే ఎక్కువ అవసరం. ప్రమాదం కూడా అక్కడే ఉంది. హైస్కూల్లో వారానికి 35 మైళ్లు పరుగెత్తిన పిల్లవాడు మొదటి శరదృతువులోనే 75 మైళ్ల సీనియర్ల మధ్య పడితే, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి గానీ ఎముకలు, స్నాయువులు అంత త్వరగా అలవాటు పడవు. కాలి ముందు ఎముకలోనూ, పాదం ఎముకల్లోనూ వచ్చే ఒత్తిడి పగుళ్లు సాధారణంగా ఈ అంతరంలోనే పుడతాయి. అందువల్ల ఎక్కువ మైలేజీ జట్టును ఎంచుకునే కుటుంబం “మీ జట్టు వారానికి ఎన్ని మైళ్లు పరుగెడుతుంది?” అని అడగడం కంటే, “గత సంవత్సరం చేరిన మొదటి ఏడాది విద్యార్థులు సెప్టెంబరులో ఎన్ని మైళ్లు, మే నెలలో ఎన్ని మైళ్లు పరుగెత్తారు?” అని అడగడం మంచిది. నెమ్మదిగా పెంచే కోచ్ ఈ ప్రశ్నకు సంతోషంగా, పిల్లవాడి వారీగా సమాధానం చెబుతాడు.

ఈ మార్గానికి ఎదురుగా అనలేం గానీ, దాన్ని సరిదిద్దిన మార్గం ఒరెగాన్ విశ్వవిద్యాలయానిది. 1949 నుంచి 1972 వరకు అక్కడ కోచ్‌గా ఉన్న బిల్ బోవర్‌మన్ కష్టమైన రోజు తర్వాత తేలిక రోజు తప్పనిసరి అన్న సూత్రాన్ని స్థిరపరిచాడు. ఇప్పుడిది అందరూ పాటించే సంగతిలా కనిపిస్తుంది. ఆ కాలంలో రోజూ శక్తికొద్దీ పరుగెత్తడమే శ్రద్ధ అనుకునేవారు. ఆయన 1962లో న్యూజిలాండ్ వెళ్లి లిడియార్డ్ పనిని కళ్లారా చూశాడు కూడా, కాబట్టి ఈ రెండు మార్గాల మధ్య గోడ కట్టనవసరం లేదు. తేడా ఎక్కడంటే, కోలుకోవడానికి ఒకరికి ఒక రోజు చాలితే మరొకరికి రెండు రోజులు పట్టవచ్చని ఒప్పుకుని, ఆ లెక్కన మనిషికొక ప్రణాళిక వేయడంలో. గాయాల చరిత్ర ఉన్న పిల్లలకు నేను మొదట సూచించేది ఈ ధోరణిలో పనిచేసే కోచ్‌నే. ఎవరైనా తమది కష్టం-తేలిక పద్ధతి అంటే, తేలిక రోజున జట్టంతా గుంపుగా ఒకే వేగంతో పరుగెడుతుందా అని గమనించండి. వేగవంతులకు తేలికైన వేగం కొత్తవారికి పోటీ వేగం అవుతుంది. అలాంటి చోట తేలిక రోజు కాగితం మీదే ఉన్నట్టు.

ట్రాక్ మీద ఇంటర్వెల్స్‌కే పెద్దపీట వేసే పాత సంప్రదాయం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. విలనోవా విశ్వవిద్యాలయంలో జంబో ఎలియట్ ఆ రకం మైలర్లను (మైలు దూరపు రన్నర్లను) తయారుచేశాడు, ఆయన శిష్యుడు రాన్ డెలానీ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 800, 1500 మీటర్ల పిల్లలకు ఈ వారసత్వం ఉన్న జట్లు ఇప్పటికీ ఆకర్షణీయమైనవే. 10,000 మీటర్ల వైపు మొగ్గే పిల్లలు మరోచోట చూసుకోవడం మేలు.

ఇక ఎత్తు ప్రదేశాల సంగతి. నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయం ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. ఆ జట్టు పురుషుల విభాగంలో 2016, 2017, 2018, 2020, 2021, 2022 సంవత్సరాల్లో జాతీయ టైటిళ్లు గెలిచింది. 2022లో ఓక్లహోమా స్టేట్‌తో 83 పాయింట్ల వద్ద సమానంగా నిలిచి టై-బ్రేక్ నియమంతో గట్టెక్కింది. గాలి పలచబడినచోట శరీరం కొన్ని వారాల్లో ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుంది, అది కిందికి దిగి పోటీపడినప్పుడు పనికొస్తుంది. అయితే అదే గాలిలో వేగపు పరుగులు మందగిస్తాయి గనుక, ఎత్తున నివసించి, వేగం కోసం కిందికి దిగి సాధన చేయడం మంచిదని లెవిన్, స్ట్రే-గండర్సన్ 1997లో ప్రచురించిన పరిశోధన సూచించింది. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి కారులో గంటలోపే వేల అడుగులు దిగిపోవచ్చు. ఆ ఊరి బలంలో సగం అదే. డివిజన్ 2లో ఆడమ్స్ స్టేట్ కూడా ఇలాంటి చోటే ఉంది. అక్కడ జో విజిల్ శిక్షణలో 1992లో పురుషుల జట్టు మొదటి ఐదు స్థానాలూ తామే తీసుకుని 15 పాయింట్ల పరిపూర్ణ స్కోరు సాధించింది. డివిజన్ 2 అనగానే పెదవి విరిచే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఫ్లాగ్‌స్టాఫ్ కథలో నాకు టైటిళ్ల కంటే ఆసక్తిగా అనిపించేది మరొకటి. 2016 టైటిల్ ఎరిక్ హైన్స్ కోచ్‌గా ఉండగా వచ్చింది. 2017 నుంచి వచ్చినవి మైక్ స్మిత్ కాలానివి. కోచ్ మారినా గెలుపు ఆగలేదంటే, అక్కడి స్థలానికీ, సీనియర్ల నుంచి జూనియర్లకు అందే అలవాట్లకూ కోచ్ సిద్ధాంతంతో సమానమైన వాటా ఉందని అర్థం. స్మిత్ కూడా 2024 క్రాస్ కంట్రీ సీజన్ తర్వాత వృత్తి క్రీడాకారులకు శిక్షణ ఇచ్చేందుకు ఆ పదవి వదిలాడు. పదిహేడేళ్ల పిల్ల ఒక కోచ్‌ను నమ్మి సంతకం చేస్తే, ఆ కోచ్ నాలుగేళ్లూ అక్కడే ఉంటాడన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఎత్తు ప్రదేశం అందరికీ ఒకేలా పనిచేయదు. కొందరి శరీరం బాగా స్పందిస్తుంది, కొందరిది అంతంతమాత్రం. ఎర్ర రక్తకణాలు పెరగాలంటే ఇనుము కావాలి. ఇనుము నిల్వలు తక్కువగా ఉన్నవారికి ఎత్తున ఉండటం వల్ల అలసటే మిగలవచ్చు. మన ఇళ్లలో శాకాహారులైన పిల్లలకు ఇది ముఖ్యమైన విషయం. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు, భోజనంతోపాటు కాఫీ, టీ తాగితే ఇంకా తగ్గుతుంది, నిమ్మరసం వంటి పుల్లని పండ్ల రసం తోడైతే పెరుగుతుంది. ఎత్తు ప్రదేశపు కళాశాలను ఎంచుకునే ముందు వైద్యుని దగ్గర ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి; జట్టు కూడా ఏటా ఆ పరీక్ష చేయిస్తుందా, ఫలితాన్ని పోషకాహార నిపుణులు చూస్తారా అని అడగండి.

గత కొన్నేళ్లుగా కోచ్‌ల నోట ఎక్కువగా వినిపిస్తున్నది థ్రెషోల్డ్ మాట, అంటే కష్టపడే కండరాల్లో తయారయ్యే లాక్టేట్ రక్తంలో వేగంగా పేరుకోవడం మొదలయ్యే హద్దు. నార్వేలో రన్నర్ మారియస్ బాకెన్ రూపుదిద్ది, తర్వాత ఇంగెబ్రిట్సెన్ సోదరుల విజయాలతో ప్రసిద్ధమైన ఈ పద్ధతిలో, వేలి కొననుంచో చెవి తమ్మె నుంచో రక్తపు చుక్క తీసి లాక్టేట్ కొలుస్తారు. లీటరుకు సుమారు 2 నుంచి 4 మిల్లీమోల్ మధ్య ఉండేలా వేగాన్ని అదుపులో పెట్టి, ఒకే రోజున ఉదయం, సాయంత్రం రెండుసార్లు మధ్యస్థ వేగపు ఇంటర్వెల్స్ పరుగెత్తిస్తారు. శరీరాన్ని పిండెయ్యకుండా ఎక్కువ నాణ్యమైన పని రాబట్టడం ఇందులోని తెలివి. పరుగెత్తేవారిలో సహజంగా ఉండే “ఇంకొంచెం వేగంగా” అన్న ఆత్రాన్ని కొలత పట్టి ఆపుతుంది, అది చిన్న మేలు కాదు. అయితే ఇది పగలు నిద్రపోగలిగే వృత్తి క్రీడాకారుల కోసం పుట్టిన పద్ధతి. ఉదయం ఆరింటికి మొదటి విడత పరుగు, తొమ్మిదింటికి కాలిక్యులస్, మధ్యాహ్నం కెమిస్ట్రీ ల్యాబ్, ఐదింటికి రెండో విడత ఉన్న విద్యార్థి దగ్గర ఆ మధ్య విశ్రాంతి ఎక్కడినుంచి వస్తుంది? ఈ పద్ధతిని వాడే కోచ్ రెండో విడతను మొదటి ఏడాది వారికి ఇస్తాడా, లాక్టేట్ నిజంగా కొలుస్తాడా లేక ఊహించి వేగం చెబుతాడా అన్నవి తేల్చుకోవలసిన విషయాలు. కొలత లేకుండా రోజుకు రెండుసార్లు థ్రెషోల్డ్ పరుగెత్తించడం పేరు మార్చిన అతి శిక్షణే.

వేగాలను లెక్కగట్టడంలో జాక్ డేనియల్స్ పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేం. శరీరధర్మ శాస్త్రవేత్త అయిన ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్ కళాశాల జట్లను డివిజన్ 3లో పలుమార్లు జాతీయ విజేతలుగా నిలిపాడు. ఈ మధ్య పరుగెత్తిన పోటీ సమయాన్ని బట్టి ప్రతి రకం శిక్షణకూ తగిన వేగాన్ని చెప్పే వీడాట్ పట్టికలు ఆయనవే. రన్నర్ కోరుకునే సమయానికి తగిన వేగం కాదు, ఇప్పుడున్న సత్తాకు తగిన వేగమే శిక్షణలో వాడాలన్న ఆయన పట్టుదల వల్ల ఎన్నో మోకాళ్లు బతికాయని నా నమ్మకం. డివిజన్ 3 కళాశాలలు క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు. కానీ చదువు ఆధారంగా ఆర్థిక సహాయం ఇచ్చే మంచి కళాశాలలు వాటిలో చాలా ఉన్నాయి, ఇంజనీరింగ్ ల్యాబులకు, ప్రాక్టీసుకు పొంతన కుదిర్చే అలవాటు కూడా అక్కడ ఎక్కువ.

బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఒక ప్రత్యేక సందర్భం. ఒలింపిక్ మారథానర్ ఎడ్ ఐస్టోన్ శిక్షణలో పురుషుల జట్టు 2019, 2024లలో, డిల్‌జీత్ టేలర్ శిక్షణలో మహిళల జట్టు 2020, 2024లలో గెలిచాయి. పంజాబీ మూలాలున్న డిల్‌జీత్ టేలర్ పేరు మన కుటుంబాలకు ఆసక్తి కలిగించవచ్చు. అక్కడ చాలామంది మతసేవ కోసం రెండేళ్లు చదువు ఆపి తిరిగి వస్తారు గనుక జట్టులో వయసు ఎక్కువ, తొందర తక్కువ. ఐస్టోన్ శిష్యులు కానర్ మాంజ్, క్లేటన్ యంగ్ పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో 8, 9 స్థానాల్లో నిలవడం, కాలేజీ తర్వాత కూడా ఎదిగేలా పునాది వేసే పద్ధతికి గట్టి సాక్ష్యం. అయితే ఆ విశ్వవిద్యాలయ ప్రవర్తనా నియమావళి మద్యంతోపాటు కాఫీ, టీలను కూడా నిషేధిస్తుంది. ఫిల్టర్ కాఫీ లేనిదే తెల్లవారని ఇంటి పిల్లలు ఆ కాగితం మీద సంతకం చేసేముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

అమ్మాయిల విషయంలో పోలిక ఇంకో మెట్టు ముందుకు వెళ్లాలి. శిక్షణకు తగినంత తిండి లేకపోతే నెలసరి ఆగిపోవడం, ఎముకలు పలచబడటం, పదే పదే పగుళ్లు రావడం జరుగుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితికి ఒక పేరు పెట్టి, ఇది అబ్బాయిలకూ వస్తుందని స్పష్టం చేసింది. బరువు తగ్గితే వేగం పెరుగుతుందన్న పాత నమ్మకం దూరపు పరుగులో బలంగా పాతుకుపోయింది. పైన మెచ్చుకున్న కొలరాడో కార్యక్రమంలోనే, శరీరపు కొవ్వును కొలిచే విధానం గణనీయమైన సంఖ్యలో క్రీడాకారులపై చెడు ప్రభావం చూపిందని విశ్వవిద్యాలయం చేయించిన విచారణ 2023లో తేల్చింది. ఒకే చోట గొప్ప శిక్షణ విజ్ఞానమూ, ఈ లోపమూ కలిసి ఉండగలవు. అందువల్ల కోచ్‌ను సూటిగా అడగండి: జట్టులో బరువు గానీ, కొవ్వు గానీ కొలుస్తారా, కొలిస్తే ఆ అంకె ఎవరి దగ్గర ఉంటుంది? వైద్య సిబ్బంది దాటి కోచ్ చేతికి వస్తుందంటే నేనైతే ఆ కళాశాలను పక్కన పెడతాను. నాలుగో సంవత్సరపు అమ్మాయిలతో కోచ్ లేని చోట మీ అమ్మాయి ఒంటరిగా ఒక పూట గడిపేలా చూడండి. మొదటి ఏడాది తనతో చేరినవారిలో ఎందరు మిగిలారని వారిని అడిగితే, కోచ్ చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

ఈ చర్చ మొత్తాన్ని కుదిపిన మార్పు 2025లో వచ్చింది. కళాశాల క్రీడాకారులు వేసిన దావాలో ఆ జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, అందులో చేరిన కళాశాలలకు జట్ల పరిమాణం మీద పరిమితులు వచ్చాయి. క్రాస్ కంట్రీకి 17 మంది. దానికి బదులుగా స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై పాత పరిమితి పోయింది. వేగవంతులకు ఇది లాభమే. కానీ స్కాలర్‌షిప్ లేకుండా చేరి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు స్థలం కుదించుకుపోయింది, వారికి బదులు ఇతర కళాశాలల నుంచి బదిలీపై వచ్చేవారినో, విదేశాల నుంచి వచ్చే పరిణతి చెందిన రన్నర్లనో తీసుకోవాలన్న ఒత్తిడి కోచ్‌ల మీద పెరిగింది. నెమ్మదిగా పెంచడం తన సిద్ధాంతమని చెప్పే కోచ్ జట్టులో ఆ నెమ్మదికి తగిన స్థలం ఉందో లేదో మీరు తెలుసుకోవడం ఇప్పుడు సిద్ధాంతం కంటే ముఖ్యం.

ఒక ఊహాజనిత ఉదాహరణతో ఎంపికను చూద్దాం. 3200 మీటర్లు 11 నిమిషాలకు కొంచెం లోపు పరుగెత్తి, వారానికి 30 మైళ్లకు మించి ఎన్నడూ పరుగెత్తని, శాకాహారి అయిన, కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునే అమ్మాయికి మూడు ఆహ్వానాలు వచ్చాయనుకోండి. ఎత్తు ప్రదేశంలోని పేరున్న డివిజన్ 1 జట్టు ఒకటి, రోజుకు రెండు థ్రెషోల్డ్ విడతలు నడిపే మరో డివిజన్ 1 జట్టు ఒకటి, మంచి చదువున్న డివిజన్ 3 కళాశాల ఒకటి. మొదటి దాన్లో ఆమె పదిహేడుగురిలో ఆఖరి స్థానం కోసం పోరాడాలి, ఇనుము సమస్య తోడవుతుంది. రెండోదాన్లో ల్యాబులకూ, రెండో విడతకూ సమయం కుదరదు. అయినా ఆమె పరుగెత్తే మైళ్ల పరిమాణంలో వెనుకబడి ఉందంటే ఎదగడానికి చాలా చోటుందన్న మాటే. 30 మైళ్ల మీద ఈ సమయం సాధించిన అమ్మాయి మూడేళ్లలో 55 మైళ్లకు చేరితే వేరే రన్నర్ అవుతుంది. అందువల్ల నేను మూడోదాన్నే సూచిస్తాను, అయితే ఒక షరతు మీద: అక్కడి కోచ్ మొదటి ఏడాది పెంపును రాతపూర్వకంగా చూపించగలగాలి. చూపించలేకపోతే రెండో జట్టు కోచ్‌ను మరోసారి పిలిచి, మొదటి రెండేళ్లు సాయంత్రపు విడత లేకుండా ఒప్పుకుంటాడేమో అడగవచ్చు. అలా ఒప్పుకున్న కోచ్ ఉంటే, స్కాలర్‌షిప్ ఎంత, అది ఏటా పునరుద్ధరించాల్సినదా, గాయపడితే కొనసాగుతుందా అన్న వివరాలు సంతకానికి ముందే కాగితం మీద తీసుకోవాలి.